వికటకవి పదంలో అనులోమ విలోమాలు ఎన్ని?

ఉపోద్ఘాతం

మొదటినుండి చివరకు చదివినా, చివరినుండి మొదటికి చదివినా మారని పదాలపట్ల మానవునికి చిరకాలంగా ఆసక్తి ఉన్నది. మన ఆలంకారికులు ఇట్టి రచనను అనులోమ విలోమమని పేర్కొన్నారు. కాళికాదేవి తెనాలి రామకృష్ణునికి ప్రసాదించినట్లు కథలలో చెప్పుకునే 'వికటకవి' అనే బిరుదు ఇందుకు తెలుగువారి ఇంటింటా తెలిసిన ఉదాహరణ. నంది తిమ్మన తన పారిజాతాపహరణంలో ప్రతి పాదమూ ఎటునుండి చదివినా ఒకే తీరుగా సాగే కందపద్యాన్ని రచించాడు. దీనికి పాదభ్రమకమని పేరు. పింగళి సూరన కళాపూర్ణోదయంలో ఇంకా విశేషమైన ప్రయోగం చేసి, ఒకవైపు నుండి చదివితే తెలుగుగాను, రెండవవైపు నుండి చదివితే సంస్కృతంగాను అర్థమిచ్చే పద్యాన్ని కూర్చాడు.

ఈ విద్య ఒక్క భాషకే పరిమితం కాదు. బస్రా నగరానికి చెందిన అల్ హరీరీ (1054–1122) తన అరబ్బీ గ్రంథమైన మకామాత్‌లో ఇట్టి వాక్యాల కోసం ఒక ప్రత్యేక ఘట్టాన్నే కేటాయించాడు. ఫార్సీ, ఉర్దూ అలంకారశాస్త్రాలలో దీనిని 'మక్లూబె ముస్తవీ' అంటారు. ఒక చివరనుండి తెలుగు పుటలు, మరొక చివరనుండి ఉర్దూ పుటలు తెరుచుకునే మన సంచిక పాఠకులకు, రెండు వైపులనుండీ చదవడమనే భావం కొత్తది కాదు.

కవుల చేతిలో వినోదంగా వెలసిన ఈ అంశం నేడు కంప్యూటర్ శాస్త్రంలో పాఠ్యాంశమైనది. ఒక పదాన్ని ఇచ్చి, అందులో అనులోమ విలోమాలు ఎన్ని ఇమిడి ఉన్నవో లెక్కించే ప్రోగ్రాము వ్రాయమని ఉద్యోగ పరీక్షలలోను, ప్రోగ్రామింగ్ పోటీలలోను తరచుగా అడుగుతుంటారు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి హైదరాబాదు యువతకు ఇట్టి పరీక్షలు జీవనోపాధికి సంబంధించిన విషయాలైనవి. ఐ.డి.పి.ఎల్., హెచ్.ఎం.టి. కర్మాగారాలవల్ల ఒకనాడు పేరొందిన ప్రాంతానికి పొరుగున ఉన్న మన జీడిమెట్లలో, తెలుగు మాధ్యమంలోనో ఉర్దూ మాధ్యమంలోనో చదివి పట్టభద్రులయ్యే విద్యార్థులు ఎందరో ఉన్నారు. వీరిలో చాలామంది ఈ లెక్కకు సూత్రాన్ని కంఠస్థం చేస్తారు. ప్రశ్న ఏ కొంచెం మారినా కంఠస్థం చేసిన సూత్రం అక్కరకు రాదు. కావున ఈ వ్యాసంలో సూత్రాన్ని ఇవ్వడం కంటె, ఆ సూత్రం ఎట్లా పుట్టిందో చూపడమే ముఖ్యోద్దేశం. కాగితం, పెన్సిలు చాలు. కంప్యూటర్ అవసరం చివరన మాత్రమే వస్తుంది.

ప్రశ్నలో దాగిన మూడు ప్రశ్నలు

'వికటకవి' పదంలో అయిదు అక్షరాలున్నవి: వి, క, ట, క, వి. ఇందులో అనులోమ విలోమాలు ఎన్ని అని అడిగినవారు మూడు వేర్వేరు విషయాలలో ఏ ఒక్కదానినైనా అడుగుతూ ఉండవచ్చు.

మొదటిది: ఎక్కడా తెంచకుండా పక్కపక్కనే ఉన్న అక్షరాలను మాత్రమే తీసుకోవడం. దీనిని 'తునక' అందాం. 'కటక' ఒక తునక. 'వివి' తునక కాదు, ఎందుకంటే ఆ రెండు అక్షరాల నడుమ మరి మూడు ఉన్నవి.

రెండవది: వరుస చెడకుండా, మధ్య అక్షరాలను వదలివేస్తూ ఏరుకోవడం. దీనిని 'ఏరిన వరుస' అందాం. మొదటి 'వి', చివరి 'వి' తీసుకుంటే 'వివి' వస్తుంది. ఇక్కడ ఒకే రూపం వేర్వేరు చోట్లనుండి వస్తే వేర్వేరుగానే లెక్కిస్తారు.

మూడవది: ఏరిన వరుసలే, కాని ఒకే రూపం ఎన్నిసార్లు వచ్చినా ఒక్కసారి మాత్రమే లెక్కించడం.

ఈ మూడింటికీ సమాధానాలు వరుసగా 7, 13, 10. ఒక్క పదానికి మూడు సమాధానాలు రావడాన్ని బట్టి, ప్రశ్నను నిదానంగా చదవడం లెక్కలో సగభాగమని విద్యార్థులు గ్రహించవచ్చు. ఈ మూడు సంఖ్యలూ ఎట్లా వచ్చినవో ఇక చూద్దాం. అంతకుముందు, వీటికి మూలమైన పద్ధతిని గురించి కొంత తెలుసుకోవాలి.

ఛందస్సు నేర్పిన పద్ధతి

ఈ పద్ధతిని 'డైనమిక్ ప్రోగ్రామింగ్' అంటారు. అమెరికా గణితవేత్త రిచర్డ్ బెల్‌మన్ 1950వ దశకంలో దీనిని శాస్త్రంగా రూపొందించి, 1957లో అదే పేరుతో గ్రంథాన్ని ప్రచురించాడు. ఆ పేరులోని ప్రోగ్రామింగ్ అనే మాటకు అప్పట్లో ప్రణాళిక వేయడమని అర్థం గాని, కంప్యూటర్‌కు ఆదేశాలు వ్రాయడమని కాదు. పేరు కొత్తదే అయినా, దానిలోని ఆలోచన మన ఛందశ్శాస్త్రంలో ప్రాచీనకాలంనుండి ఉన్నది.

లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. నాలుగు మాత్రల గణాలు ఎన్ని ఉంటాయి? కందపద్యం నేర్చుకున్న ప్రతి విద్యార్థికీ సమాధానం తెలుసు: గగ, భ, జ, స, నల అని అయిదు. అయిదే ఎందుకు ఉండాలి? ఏ గణమైనా లఘువుతో ముగియాలి, లేదా గురువుతో ముగియాలి. లఘువుతో ముగిస్తే దాని ముందు మూడు మాత్రలు ఉంటాయి. గురువుతో ముగిస్తే రెండు మాత్రలు ఉంటాయి. కావున నాలుగు మాత్రల లెక్క అంటే మూడు మాత్రల లెక్క, రెండు మాత్రల లెక్క కలిపిన మొత్తమే. ఒక మాత్రకు 1, రెండు మాత్రలకు 2, మూడింటికి 3, నాలుగింటికి 5, అయిదింటికి 8. ఈ నియమాన్ని ప్రాకృత ఛందస్సుపై గ్రంథం వ్రాసిన విరహాంకుడు, 12వ శతాబ్దంలో హేమచంద్రుడు వివరించారు. ఇటలీ దేశస్థుడైన ఫిబొనాచీ ఇవే సంఖ్యలను 1202లో తన గ్రంథంలో చేర్చాడు.

ఈ ఉదాహరణలో డైనమిక్ ప్రోగ్రామింగ్ లక్షణాలు రెండూ కనిపిస్తాయి. పెద్ద ప్రశ్నకు సమాధానం అదే జాతికి చెందిన చిన్న ప్రశ్నల సమాధానాలనుండి లభించడం ఒకటి. ఒకసారి కనుగొన్న చిన్న సమాధానాన్ని వ్రాసి ఉంచుకుని, మళ్ళీ కనుగొనే శ్రమ లేకుండా వాడుకోవడం రెండవది. జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఏ చిన్న లేతు పనివారి దగ్గరకు వెళ్ళినా ఈ రెండవ లక్షణం అర్థమవుతుంది. ఒక భాగాన్ని కొలిచినవాడు కొలతను రిజిస్టరులో వ్రాస్తాడు. తరువాతి షిఫ్టువాడు ఆ భాగాన్ని మళ్ళీ కొలవడు, రిజిస్టరు చూస్తాడు. మన లెక్కలో ఆ రిజిస్టరు స్థానాన్ని ఒక పట్టిక ఆక్రమిస్తుంది.

తునకల లెక్క

మొదట సులభమైన ప్రశ్న. 'వికటకవి'లో ఒక అక్షరం తునకలు 5, రెండక్షరాలవి 4, మూడక్షరాలవి 3, నాలుగక్షరాలవి 2, అయిదక్షరాలది 1, మొత్తం 15. వీటిలో ఎన్ని అనులోమ విలోమాలు?

ఒక తునక అనులోమ విలోమం కావాలంటే రెండు షరతులు నెరవేరాలి. దాని రెండు కొసల అక్షరాలు సమానంగా ఉండాలి. ఆ కొసలను తీసివేయగా మిగిలిన నడిమి తునక కూడా అనులోమ విలోమమై ఉండాలి. నడిమి తునక మనం పరీక్షించే తునక కంటె చిన్నది. కాబట్టి చిన్న తునకలను ముందుగా పరీక్షించి ఫలితం వ్రాసి ఉంచుకుంటే, పెద్ద తునకను పరీక్షించడానికి కొసలను మాత్రం పోల్చి చూస్తే చాలు.

ఒక్క అక్షరం ఎప్పుడూ అనులోమ విలోమమే. కావున 5 వచ్చినవి. రెండక్షరాల తునకలైన విక, కట, టక, కవి అనేవాటిలో ఒక్కటీ లేదు. మూడక్షరాలలో 'వికట' కాదు, 'టకవి' కాదు. 'కటక' మాత్రం అవుతుంది, ఎందుకంటే కొసలు రెండూ 'క', నడుమ 'ట' ఇంతకుముందే అనులోమ విలోమమని తేలింది. నాలుగక్షరాలలో ఒక్కటీ లేదు. చివరకు పూర్తి పదం: కొసలు రెండూ 'వి', నడుమ 'కటక' అవునని పట్టికలో వ్రాసి ఉన్నది. మొత్తం 5 + 1 + 1 = 7.

ఏరిన వరుసల లెక్క

ఇది కొంత సూక్ష్మమైన ప్రశ్న. అయిదక్షరాలలో ప్రతి అక్షరాన్నీ తీసుకోవచ్చు, లేదా వదలవచ్చు. అందువల్ల ఏమీ తీసుకోని ఒక సందర్భాన్ని మినహాయిస్తే 31 విధాలుగా ఏరవచ్చు. వీటిని ఒక్కొక్కటిగా పరీక్షించవచ్చు గాని, పదం పొడవు పెరిగినకొద్దీ అది అసాధ్యమవుతుంది. మరొక మార్గం ఆలోచించాలి.

ఏదైనా ఒక తునకను తీసుకుందాం. దానిలోని అనులోమ విలోమమైన వరుసల సంఖ్యను ఆ తునక 'లెక్క' అందాం. ఎడమ కొస అక్షరాన్ని తీసివేయగా మిగిలిన తునక లెక్కను 'ఎ' అనీ, కుడి కొస అక్షరాన్ని తీసివేయగా మిగిలిన తునక లెక్కను 'కు' అనీ, రెండు కొసలనూ తీసివేయగా మిగిలిన నడిమి తునక లెక్కను 'న' అనీ పిలుద్దాం. ఈ మూడూ మనకు ముందే తెలిసి ఉన్నవనుకుందాం.

ఎడమ కొసను వాడని వరుసలు 'ఎ'లో ఉన్నవి. కుడి కొసను వాడని వరుసలు 'కు'లో ఉన్నవి. రెండింటినీ కలిపితే, ఏ కొసనూ వాడని వరుసలు రెండుసార్లు లెక్కకు వచ్చినవి. అవి 'న'. కావున ఒకసారి తీసివేయాలి: ఎ + కు − న. ఇక మిగిలినవి రెండు కొసలనూ వాడుకున్న వరుసలు. అట్టి వరుస ఎడమ కొసతో మొదలై కుడి కొసతో ముగుస్తుంది. కావున కొసలు సమానం కాకపోతే అది అనులోమ విలోమం కాజాలదు. కొసలు సమానమైతే, వాటి నడుమ నడిమి తునకలోని ఏ అనులోమ విలోమాన్నైనా ఉంచవచ్చు, లేదా ఏమీ ఉంచకుండా కొసలను మాత్రమే తీసుకోవచ్చు. అంటే న + 1 విధాలు. దీనిని కలిపితే 'న' ఎగిరిపోతుంది.

అందువల్ల నియమం ఇట్లా స్థిరపడుతుంది:

కొసలు సమానమైతే లెక్క = ఎ + కు + 1
కొసలు సమానం కాకపోతే లెక్క = ఎ + కు − న

ఒక్క అక్షరం తునకకు లెక్క 1, ఏ అక్షరమూ లేని తునకకు లెక్క 0. ఈ '+ 1' ఎక్కడినుండి వచ్చిందో తెలియకుండా కంఠస్థం చేసినవారే పరీక్షలో దానిని మరచిపోతారు. నడుమ ఏమీ లేకుండా కొసలు రెండే కలిసిన వరుసకు అది గుర్తు అని తెలిసినవారు మరచిపోరు.

ఇప్పుడు 'వికటకవి'కి పట్టిక నింపుదాం.

ఒక అక్షరం: వి 1, క 1, ట 1, క 1, వి 1.
రెండక్షరాలు: విక 2, కట 2, టక 2, కవి 2. ఏ జతలోనూ కొసలు సమానం కావు. ప్రతిదానికి 1 + 1 − 0.
మూడక్షరాలు: వికట = 2 + 2 − 1 = 3. కటక = 2 + 2 + 1 = 5. టకవి = 2 + 2 − 1 = 3.
నాలుగక్షరాలు: వికటక = 5 + 3 − 2 = 6. కటకవి = 3 + 5 − 2 = 6.
అయిదక్షరాలు: వికటకవి = 6 + 6 + 1 = 13.

ఫలితాన్ని మరొక విధంగా సరిచూసుకోవడం మంచి అలవాటు. 'వి'ని అసలు వాడనివి 'కటక'లోనివి: 5. ఒక్క 'వి' మాత్రమే ఉన్నవి: 2. రెండు 'వి'లూ ఉన్నవి: నడుమ 'కటక'లోని అయిదింటిలో ఒకటి ఉంచితే 5, ఏమీ ఉంచకపోతే 1, వెరసి 6. మొత్తం 5 + 2 + 6 = 13. పట్టిక చెప్పినది నిజమే.

మూడవ ప్రశ్నకు నియమం వేరు. ఇక్కడ ఒకే రూపాన్ని రెండుసార్లు లెక్కించరాదు. కావున తునకలోని ప్రతి అక్షర రూపాన్ని విడిగా తీసుకోవాలి. ఆ అక్షరం ఒక్కసారే వస్తే అది ఒక్క వరుసనే ఇస్తుంది. రెండు లేక అంతకంటె ఎక్కువసార్లు వస్తే, దాని మొట్టమొదటి చోటును, చిట్టచివరి చోటును తీసుకోవాలి. అప్పుడు ఆ అక్షరం ఒంటరిగా ఒకటి, జంటగా ఒకటి, ఆ రెండు చోట్ల నడుమనున్న తునకలోని వేర్వేరు రూపాలు ఎన్ని ఉంటే అన్ని లభిస్తాయి. 'వి' వల్ల 2 + 4 = 6, 'క' వల్ల 2 + 1 = 3, 'ట' వల్ల 1. మొత్తం 10. పై 13లో 'వి' రెండుసార్లు, 'క' రెండుసార్లు, 'వికవి' రెండుసార్లు వచ్చినవి గనుక మూడు తగ్గినవని పాఠకులు సరిచూసుకోవచ్చు.

శ్రమ ఎంత తగ్గింది?

అయిదక్షరాలకు 31 వరుసలను పరీక్షించడానికి బదులు 15 గడులు నింపాము. ఈ తేడా స్వల్పమే. ఇరవై అక్షరాలకు వరుసలు 10,48,575 కాగా గడులు 210. నలభై అక్షరాలకు వరుసల సంఖ్య ఇంచుమించు 1,09,951 కోట్లు. గడులు 820 మాత్రమే. ఒక్కొక్క గడికి ఒక పోలిక, ఒకటి రెండు కూడికలు లేదా తీసివేతలు చాలు. నలభై అక్షరాల పట్టికను ఓపికగల విద్యార్థి ఒక్క రోజులో చేతితోనే పూర్తిచేయవచ్చు. ఆ వరుసలను ఒక్కొక్కటిగా పరీక్షించడానికి మాత్రం ఎన్ని జన్మలైనా చాలవు.

ఇదే నియమాన్ని పట్టిక లేకుండా కూడా ప్రోగ్రాముగా వ్రాయవచ్చు. అప్పుడు కంప్యూటర్ ఒక్కొక్క చిన్న తునకను మళ్ళీ మళ్ళీ లెక్కిస్తూ, తగ్గించుకున్న శ్రమను తిరిగి తెచ్చుకుంటుంది. నియమం ఎంత ముఖ్యమో, ఫలితాన్ని వ్రాసి ఉంచుకోవడం అంతే ముఖ్యం. గడులను నింపే క్రమం కూడా అంతే ముఖ్యం. ఒక గడికి కావలసిన మూడు గడులూ దానికంటె చిన్న తునకలవి. అందుచేత పొడవు ఒకటితో మొదలుపెట్టి క్రమంగా పెంచుకుంటూ పోతే, అవసరమైన ప్రతి సంఖ్యా అప్పటికే సిద్ధంగా ఉంటుంది.

మరొక జాగ్రత్త. ఒకే అక్షరం పదేపదే వచ్చే పదంలో ప్రతి వరుసా అనులోమ విలోమమే. 64 'క'లు ఉన్న పదానికి వచ్చే సంఖ్య, గుర్తుతో కూడిన 64 బిట్ల పూర్ణసంఖ్యలో పట్టదు. అందువల్ల పరీక్షలలో సమాధానాన్ని తరచుగా 1,00,00,00,007 అనే ప్రధాన సంఖ్యతో భాగించి శేషాన్ని చెప్పమంటారు. అప్పుడు 'ఎ', 'కు', 'న' మూడూ శేషాలే కనుక ఎ + కు − న రుణసంఖ్య కావచ్చు. సీ, జావా భాషలలో రుణసంఖ్యకు శేషం కూడా రుణంగానే వస్తుంది. భాగించే సంఖ్యను ఒకసారి కలిపి తిరిగి శేషం తీసుకుంటే ఈ దోషం తొలగుతుంది. నియమం పూర్తిగా తెలిసినవారు సైతం ఈ చిన్న విషయంవల్ల పరీక్ష తప్పుతుంటారు.

అక్షరమంటే ఏమిటి?

ఇంతవరకు వచ్చిన తరువాత ప్రోగ్రాము వ్రాసి, 'వికటకవి' అని తెలుగులో టైపుచేసి, తునకల లెక్క అడిగి చూడండి. ఇంగ్లీషు అక్షరాల కోసం వ్రాసిన మామూలు ప్రోగ్రాము 7కు బదులు 8 అని చెబుతుంది. అంతేగాక, వికటకవి అనులోమ విలోమమే కాదని తీర్పు ఇస్తుంది!

దీనికి కారణం నియమంలో లేదు, అక్షరంలో ఉన్నది. కంప్యూటర్‌లో భాషలను వ్రాయడానికి వాడే యూనికోడ్ పద్ధతిలో 'వి' అనేది ఒక్క సంకేతం కాదు. 'వ' ఒకటి, గుడి ఒకటి. కావున వికటకవి దానికి ఏడు సంకేతాల పదం: వ, గుడి, క, ట, క, వ, గుడి. చివరనుండి చదివితే గుడితో మొదలవుతుంది. మొదటినుండి చదివితే 'వ'తో మొదలవుతుంది. రెండూ ఒకటి కావు. ఏడు సంకేతాలకు ఏడు, 'కటక'కు ఒకటి, వెరసి 8. దానిలో విడిగా నిలువలేని గుడులు రెండు అనులోమ విలోమాలుగా చేరినవి. ఏ పదం కోసం ఈ లెక్క మొదలుపెట్టామో ఆ పదం మాత్రం తప్పిపోయింది.

సంయుక్తాక్షరాలతో చిక్కు ఇంకా పెరుగుతుంది. 'ముత్యము' అనే పదం మనకు ము, త్య, ము అని మూడక్షరాల అనులోమ విలోమం. యూనికోడ్‌లో 'త్య' అంటే త, పొల్లు, య అని మూడు సంకేతాలు. సంకేతాలను అక్షరాలుగా కూర్చడానికి యూనికోడ్ ప్రమాణం ఇచ్చిన నియమాలు సైతం చాలాకాలం 'త్'ను ఒక ఖండంగా, 'య'ను మరొక ఖండంగా విడదీసేవి. 2023లో వెలువడిన 15.1 సంచికలో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయకుండా ఉంచే నియమం చేరింది. ఈ మార్పును అనుసరించని సాధనాలను వాడేటప్పుడు, పదాన్ని అక్షరాలుగా విడదీసే పనిని ప్రోగ్రాము వ్రాసేవారే చేసుకోవాలి.

ఉర్దూలో స్థితి వేరు. ఆ లిపిలో హ్రస్వ అచ్చులను సాధారణంగా వ్రాయరు. దీర్ఘమైన 'ఆ'కు అలిఫ్ అనే ప్రత్యేకమైన అక్షరం ఉన్నది. అందువల్ల బాధ అనే అర్థమిచ్చే 'దర్ద్' దాల్, రే, దాల్ అని వ్రాయబడి అనులోమ విలోమమవుతుంది. 'నాదాన్' నూన్, అలిఫ్, దాల్, అలిఫ్, నూన్. 'దామాద్' దాల్, అలిఫ్, మీమ్, అలిఫ్, దాల్. 'షాబాష్' షీన్, అలిఫ్, బే, అలిఫ్, షీన్. ఇవే పదాలను తెలుగు లిపిలో వ్రాస్తే ఒక్కటీ అనులోమ విలోమం కాదు. అట్లాగే ఇంగ్లీషు లిపిలో ఎటు చదివినా మారని 'మలయాళం' అనే పేరు తెలుగు లిపిలో మారిపోతుంది. ఉర్దూకు కూడా తనవైన చిక్కులు లేకపోలేదు. 'యే' అక్షరానికి అరబ్బీ రూపం ఒకటి, ఫార్సీ రూపం ఒకటి యూనికోడ్‌లో ఉన్నవి. పదం మధ్యలో చూపుకు రెండూ ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం వేర్వేరు. లెక్క మొదలుపెట్టకముందే వాటిని ఒక్క రూపానికి తేవాలి.

ఇప్పుడు పాఠకులు ఒక విశేషాన్ని గమనించగలరు. నాదాన్, దామాద్, షాబాష్ అనే పదాలలో అక్షరాలు అయిదు. మొదటిదీ అయిదవదీ ఒకటి, రెండవదీ నాలుగవదీ ఒకటి, మూడవది వేరు. వికటకవి నిర్మాణమూ సరిగా ఇదే. కావున ఆ మూడు ఉర్దూ పదాలకూ, ఈ తెలుగు పదానికీ పట్టిక ఒక్కటే, సమాధానాలూ ఒక్కటే: 7, 13, 10. మన నియమం అక్షరం పేరు అడగదు, అర్థం అడగదు, లిపి అడగదు. ఈ రెండు అక్షరాలు సమానమా, కాదా అని మాత్రమే అడుగుతుంది. విద్వత్తుకు బిరుదైన వికటకవి, అజ్ఞానికి పేరైన నాదాన్ దానికి సమానమే! కాని ఆ ఒక్క ప్రశ్నకు సమాధానం చెప్పవలసింది ఆ భాష తెలిసిన మనిషి. అక్కడ పొరపాటు జరిగితే పట్టిక ఎంత నిర్దుష్టంగా నింపినా ఫలితం తప్పే.

సమానత్వానికి మరొక అర్థం

'సమానం' అనే మాటకు అర్థాన్ని మార్చితే ఈ పద్ధతి భాషను దాటి జీవశాస్త్రానికి కూడా ఉపకరిస్తుంది. డి.ఎన్.ఏ.లో ఏ, టీ, జీ, సీ అని నాలుగు రకాల భాగాలున్నవి. ఏకు టీ జత, జీకి సీ జత. జీవశాస్త్రజ్ఞులు అనులోమ విలోమమని పిలిచే భాగంలో కొసలు ఒకటిగా ఉండవు, ఒకదానికొకటి జతగా ఉంటాయి. ఇ.కో.ఆర్.వన్ అనే ఎంజైము డి.ఎన్.ఏ.ను ఖండించే చోటైన జీ–ఏ–ఏ–టీ–టీ–సీ ఇట్టిదే. ఇక్కడ ఒక్క భాగం తనకు తానే జత కాజాలదు. కావున మొదటి గడుల విలువ 1 కాదు, 0. ఏమీ లేని నడిమి తునకను మాత్రం నిర్దోషమైనదిగా స్వీకరించాలి. అప్పుడు ఏటీ, ఏఏటీటీ, పూర్తి భాగం అని మూడు తునకలు లభిస్తాయి. నియమం అదే, 'సమానం' అర్థమూ తొలి విలువలూ మాత్రమే మారినవి. సూత్రాన్ని అర్థం చేసుకున్నవారికే ఇట్టి మార్పు సాధ్యం.

అభ్యాసం

విద్యార్థులు ఈ క్రింది పదాలకు స్వయంగా పట్టికలు వేసి చూడవచ్చు. 'కనక' అనే పదానికి తునకలు 4, ఏరిన వరుసలు 5. దానికి సున్న చేర్చి 'కనకం' అంటే రెండూ 3కు తగ్గుతాయి, ఎందుకంటే 'క' వేరు, 'కం' వేరు. 'కనకము' అంటే తునకలు 5, వరుసలు 6. ఒకే అర్థమున్న మూడు రూపాలకు మూడు లెక్కలు ఎందుకు వచ్చినవో పట్టిక వేసి తెలుసుకోవడం ఎంతో ప్రయోజనకరం. ఆ తరువాత నవీన, నటన, పులుపు, నందనం అనే పదాలలో నిర్మాణం ఏ పదంతో సరిపోతున్నదో చూసి, పట్టిక వేయకుండానే సమాధానం చెప్పడానికి ప్రయత్నించాలి.

ముగింపు

పెద్ద ప్రశ్నను చిన్న ప్రశ్నలుగా విడదీయడం, తెలిసినదానిని వ్రాసి ఉంచుకోవడం, ఏది దేనికి సమానమో ముందుగానే నిశ్చయించుకోవడం అనే మూడు పనులలో ఈ లెక్క సారమంతా ఉన్నది. మొదటిది ఛందస్సు చదివినవారికి పరిచితమే. రెండవది ఏ కార్ఖానా రిజిస్టరు చూసినా తెలుస్తుంది. మూడవది మాతృభాష బాగా వచ్చినవారికి ఇతరులకంటె సులభం. కావున తెలుగులోనో ఉర్దూలోనో చదువుకున్నామని మన విద్యార్థులు ఈ పరీక్షల ముందు సంకోచించవలసిన పని లేదు. ఇంగ్లీషు పదాలకు మాత్రమే పనిచేసే ప్రోగ్రామును ఎవరైనా పుస్తకంలో చూసి వ్రాయగలరు. వికటకవిని వికటకవిగా, షాబాష్‌ను షాబాష్‌గా గుర్తించే ప్రోగ్రాము వ్రాయడానికి రెండు లిపుల మర్మమూ తెలిసినవారు కావాలి. అట్టివారు మన తరగతి గదులలోనే ఉన్నారు.